సంతకం లేని ఫైలు

జూలై 4, గురువారం

సూపరింటెండెంటు గారు ఈ రోజు తన గదికి పిలిపించి, కూర్చోమనకుండానే మాట్లాడారు. ఆయన ఎవరినైనా నిలబెట్టి మాట్లాడుతున్నారంటే సంగతి చెడిందనే అర్థం.

కడుపు ఆపరేషనై ఇంటికి వెళ్ళిన ఒకావిడ నిన్న జ్వరంతో తిరిగొచ్చింది. క్యాజువాలిటీ వాళ్ళు ఆవిడ ఫైలు పంపమని మా రికార్డు రూముకి ఫోన్ చేశారు. ఫైలు మా దగ్గర లేదు. వార్డులోనూ లేదు. అది సర్జను గారి కారు వెనక సీట్లో ఉందని తేలేలోపు, చేసిన పరీక్షలే మళ్ళీ చేసి, పొడిచిన చేతికే మళ్ళీ సూదులు పొడిచారు. ఆవిడకి ప్రమాదమేమీ లేదు. కానీ ఆవిడ భర్త మా కౌంటరు దగ్గరకొచ్చి, "వారం పైగా మీ దగ్గరే ఉందమ్మా మా ఆవిడ. ఒక్క కాగితం కూడా లేదా?" అని అడిగాడు. గట్టిగా అరిచినా బాగుండేది. మామూలుగా అడిగాడు.

ఫైలు కారులో ఉంటే నా తప్పేముంది? సూపరింటెండెంటు గారితో అదే అన్నాను. ఆయన వినిపించుకోలేదు. రోగి ఇంటికి వెళ్ళిన మర్నాటికల్లా ఫైలు రికార్డు రూముకి చేరాలన్నది నియమం. ఆగస్టు ఆఖరున తనిఖీకి వస్తున్నారు. అప్పటికి ఇది దారిన పడకపోతే రికార్డు రూముని బయటి కంపెనీకి అప్పగించేస్తారట. నన్ను వేరే ఊళ్ళో ఉన్న మా బ్రాంచి ఆసుపత్రికి, స్టోర్సులోకి మారుస్తారట. దూది కట్టలూ గ్లౌజుల పెట్టెలూ సర్దుకుంటూ కూర్చోవాలి.

మారిస్తే మార్చనీ. నాకేం. మా ఆయన ప్రింటింగు ప్రెస్సు ఇక్కడ, అమ్మాయి చదువు ఇక్కడ. నేను వారానికోసారి వచ్చిపోతాను. అలా ఎంతమంది ఉండటం లేదు?

జూలై 5, శుక్రవారం

వెళ్ళను. ఆ గది నాది. నేను వచ్చేసరికి అందులో ఫైళ్ళు ఉతకని బట్టల్లా కుప్పలు పోసి ఉండేవి. ఒక్కొక్కటీ దులిపి, నంబరు వేసి, ర్యాకుల్లో నిలబెట్టింది నేను. కళ్ళకి గంతలు కట్టినా కావలసిన ఫైలు తీసి చేతిలో పెడతాను. అది గదిలో ఉంటే.

జూలై 8, సోమవారం

యుద్ధం మొదలుపెట్టాను. ప్రతి వార్డుకీ ఎర్ర సిరాతో నోటీసు పంపాను. మా కౌంటరు మీద ఎప్పటినుంచో ఉన్న బోర్డు వెలిసిపోతే, మా ఆయనతో ప్రెస్సులో కొత్తది వేయించి తగిలించాను. 'అసంపూర్తి ఫైళ్ళు స్వీకరించబడవు.' అక్షరాలు ఎంత పెద్దగా వేశారంటే మెట్ల మీదినుంచే కనిపిస్తున్నాయి.

ఈ మాట మీద నేను మొదటినుంచీ గట్టిగా నిలబడ్డాను. సంతకం లేనిదీ, రోగికి ఏమేం చేశారో చెప్పే డిశ్చార్జి సమ్మరీ రాయనిదీ నా గుమ్మం తొక్కకూడదు. ఈ రోజు కూడా ఎముకల వార్డు నుంచి ఒక దొంతర వస్తే, విప్పి చూసి, సగానికి సగం వెనక్కి తిప్పికొట్టాను. ఒకదాంట్లో అన్నీ ఉన్నాయి గానీ ఆఖరి పేజీలో ఎముకల డాక్టరు గారి సంతకం లేదు. అదీ తిప్పికొట్టాను. మోసుకొచ్చిన మా అటెండరే మళ్ళీ మోసుకుపోవాలి. రిటైరు కాబోతున్న మనిషి, అందరం బాబాయ్ అంటాం. మెట్లెక్కుతూ ఏదో గొణుక్కున్నాడు. ఏమిటని అడిగితే మోకాళ్ళ నొప్పి అన్నాడు.

డాక్టర్లు నన్ను చాటున హెడ్‌మిస్ట్రెస్ అంటారని తెలుసు. అననీ. పిల్లలు మాట వినకపోతే హెడ్‌మిస్ట్రెస్ ఏం చెయ్యాలో నాకూ తెలుసు.

జూలై 12, శుక్రవారం

నోటీసులు పెట్టాక ఫైళ్ళు రావడం ఇంకా తగ్గింది. ఎలా?

జూలై 15, సోమవారం

పొద్దున్నుంచీ ఫోన్లే. ఎముకల డాక్టరు గారికి నాలుగైదుసార్లు చేశాను. మొదటిసారి ఆపరేషన్లో ఉన్నారు. రెండోసారి రౌండ్సులో ఉన్నారు. మూడోసారి ఆయనే ఎత్తి, గొంతు మార్చి, డాక్టరు గారు లేరని చెప్పారు. ఇంత పేరున్న డాక్టరు, నా ఫోనుకి గొంతు మార్చుకోవలసి వచ్చింది. కోపం రావాల్సింది పోయి, నిజం చెప్పాలంటే కాస్త గర్వంగానే అనిపించింది.

సాయంత్రం ఇంటికొస్తుంటే పక్కింటి పిన్నిగారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఫోన్లో మాట్లాడుతున్నట్టు నటిస్తూ గబగబా లోపలికొచ్చేశాను. ఆవిడ దగ్గర తెచ్చిన నిచ్చెన సంగతి ఈ ఆదివారం తేల్చెయ్యాలి.

జూలై 20, శనివారం

ఈ రోజు స్వయంగా వేటకి బయలుదేరాను. బాబాయ్ బుట్ట పట్టుకుని వెనకాల వచ్చాడు.

ఎక్కడెక్కడ దొరికాయో రాస్తే ఎవరూ నమ్మరు. దుప్పట్ల బీరువాలో కొన్ని. మందుల ఫ్రిజ్జు మీద కొన్ని. డ్యూటీ డాక్టర్ల గదిలో పరుపు కింద, ఎత్తుకోసం కాబోలు, ఏకంగా తలగడంత. ఒక ఫైలుని కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. అందులో ఒక ముసలాయన గుండె జబ్బంతా ఉంది. వానకి తడిసి, ఈసీజీ గీతలన్నీ అలుక్కుపోయి ఉన్నాయి. ఆ కాగితాన్ని కొంగుతో అద్ది ఆరబెట్టాను.

ఎముకల వార్డు సిస్టర్‌ని దులిపేశాను. ఆవిడేమీ తక్కువ తినలేదు. "పంపిస్తే తిట్టి వెనక్కి పంపుతారు. పంపకపోతే ఫోన్లో తిడతారు. ఫోన్లో అయితే మొహం కనబడదు కదా మేడమ్, అదే నయం" అంది.

తిట్టడానికీ ఫైళ్ళు దాచుకోవడానికీ సంబంధం ఏమిటో నాకు అర్థం కాలేదు. మనుషులకి పని ఎగ్గొట్టడానికి ఒక సాకు కావాలి, అంతే.

బుట్టలో వచ్చినవన్నీ పరిశీలించాను. ఒక్కటీ పూర్తిగా లేదు. అన్నీ తిరిగి వార్డులకే పంపేశాను.

జూలై 24, బుధవారం

బాబాయ్ ఈ రోజు నోరు తెరిచాడు. "అమ్మా, ఒకమాట. దొరికినవాటిని మళ్ళీ పంపెయ్యడం ఎందుకమ్మా?" అన్నాడు. రూలు రూలే అన్నాను. టీ తెస్తానని వెళ్ళి చాలాసేపు రాలేదు.

జూలై 26, శుక్రవారం

బ్రాంచి ఆసుపత్రి స్టోర్సు చూసొచ్చిన వాళ్ళెవరో చెప్పారు, అక్కడ కిటికీ కూడా లేదట. నేనేమీ అడగలేదు, వాళ్ళే చెప్పారు. రెండుసార్లు అడిగితే చెప్పారు.

అమ్మాయి తన జడ తనే వేసుకోవడం మొదలుపెట్టింది. "నువ్వు వెళ్ళాక అలవాటవ్వాలి కదమ్మా" అంది. వాళ్ళ నాన్న చెప్పినట్టున్నారు. వెళ్ళేదీ లేదు ఏదీ లేదని కసిరాను. తర్వాత బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

జూలై 28, ఆదివారం

పక్కింటి పిన్నిగారు నేరుగా ఇంట్లోకే వచ్చేశారు. ఇంక తప్పించుకోవడానికి దారి లేదు.

ఎండాకాలంలో ఫ్యాను దుమ్ము దులపడానికి ఆవిడ నిచ్చెన తెచ్చాం. మా ఆయన ఎక్కితే ఒక మెట్టు పుటుక్కుమంది. ఇలా విరిగినదాన్ని ఏం మొహంతో ఇస్తాం, బాగు చేయించి ఇద్దాం అనుకున్నాం. వడ్రంగి ఒక ఆదివారం రాలేదు. ఇంకో ఆదివారం మేం లేం. అలా అలా నెలలు గడిచాయి. నెలలు గడిచాయి కాబట్టి ఇంకా సిగ్గేసింది. సిగ్గేసింది కాబట్టి ఆవిడకి కనబడటం మానేశాను.

ఇదంతా తలొంచుకుని చెప్పాను. ఆవిడ నవ్వి, "పిచ్చిదానా, విరిగితే విరిగిందని అప్పుడే ఇచ్చేస్తే నేనే మేకు కొట్టించుకునేదాన్ని కదే. మెట్టు విరగడం కాదు, వస్తువు నా ఇంట్లో లేకపోవడం నాకు ఇబ్బంది" అన్నారు.

మా ఆయన నిచ్చెన మోసుకెళ్ళి ఇచ్చొచ్చారు. నేను కాఫీ కలపడానికి వెళ్ళి, పాలు పొంగిపోతున్నా చూస్తూ నిలబడ్డాను.

జూలై 29, సోమవారం

పొద్దున్నే వెళ్ళి ఎవరూ రాకముందే బోర్డు తీసేశాను.

బాబాయ్ వచ్చి ఖాళీ గోడని చూశాడు, నన్ను చూశాడు. ఆ మేకుకి తన గొడుగు తగిలించుకున్నాడు.

జూలై 30, మంగళవారం

సూపరింటెండెంటు గారి గదికి నేనే వెళ్ళాను. ఈసారి పిలవకుండానే వెళ్ళి, చెప్పకుండానే కూర్చున్నాను.

నా మాట ఇది. రోగి వార్డు గుమ్మం దాటేటప్పుడే ఫైలూ దాటాలి. సంతకం ఉన్నా లేకపోయినా, సమ్మరీ రాసినా రాయకపోయినా, ఎలా ఉంటే అలా కిందికి రావాలి. ఏం తక్కువైందో మేం చూసుకుంటాం. తక్కువైనవాటికి రంగు దారం కట్టి వేరే ర్యాకులో పెడతాం. డాక్టర్లు వీలు చూసుకుని మా గదికే వచ్చి రాసి వెళ్ళాలి. ఫైలు మాత్రం మళ్ళీ మెట్లెక్కదు.

ఆయన "మరి అసంపూర్తి ఫైళ్ళు తీసుకోకూడదని ఇన్నాళ్ళూ ఎవరన్నారు?" అని అడిగారు. అది ఎప్పటినుంచో ఉందండీ అన్నాను. అబద్ధం కాదు. నేను చేరినప్పటినుంచీ ఉంది.

డాక్టర్లు మెట్లు దిగి వస్తారా అని ఆయన సందేహం. రప్పించే పూచీ నాది అని చెప్పి, ఆయన గదిలో విజిటర్ల కోసం ఉన్న మెత్తటి కుర్చీ ఒకటి అడిగి తెచ్చుకున్నాను.

ఆగస్టు 1, గురువారం

కిటికీ పక్కన బల్ల వేయించాను. మెత్తటి కుర్చీ, మంచి పెన్నులు, ఫ్లాస్కులో టీ. మా గది గోడలు మందం, ఎండ తగలదు. ఆసుపత్రి మొత్తంలో రోగుల బంధువులు చొరబడని చోటు ఇదొక్కటే.

ఇక నాకు నేను పెట్టుకున్న రూలు, తిట్టకూడదు. ఇది అన్నిటికన్నా కష్టం. మా ఆయన సాయంత్రం దాకా కూడా ఆగలేవని పందెం కాశారు. నోరు కట్టేసుకోవడానికి దగ్గు బిళ్ళలు కొని సంచిలో వేసుకున్నాను. ఎవరైనా ఖాళీ పేజీల ఫైలు తెచ్చారంటే వెంటనే ఒక బిళ్ళ నోట్లో వేసుకుంటాను.

ఆగస్టు 2, శుక్రవారం

పొద్దున్నే బిళ్ళలన్నీ అయిపోయాయి. కానీ తిట్టలేదు.

ఆగస్టు 6, మంగళవారం

ఫైళ్ళ వరద. దాచిపెట్టినవన్నీ బయటపడుతున్నాయి. తిట్టడం లేదని కబురు పాకినట్టుంది. ఒక జూనియర్ డాక్టరు అటూ ఇటూ చూసి, తెల్లకోటు లోపలినుంచి ఫైళ్ళు తీసి బల్ల మీద పెట్టాడు. ఎప్పటివో చూసి నాకు కళ్ళు తిరిగాయి. బిళ్ళ వేసుకుని, "కూర్చో బాబూ, టీ తాగుతూ రాద్దువు గాని" అన్నాను. పాపం, ఆ పిల్లవాడు నిజంగానే కూర్చుని అన్నీ రాసేశాడు. వెళ్తూ వెళ్తూ మీకు దగ్గు తగ్గడం లేదా మేడమ్, ఒకసారి ఎక్స్‌రే తీయిద్దాం అన్నాడు.

ఆగస్టు 14, బుధవారం

పిల్లల డాక్టరమ్మ రోజూ మధ్యాహ్నం వచ్చి కూర్చుంటున్నారు. మత్తుమందు ఇచ్చే డాక్టరు గారూ వస్తున్నారు. మెత్తటి కుర్చీ కోసం ఇద్దరికీ పోటీ. ఎముకల డాక్టరు గారు మాత్రం రారు. ఫైళ్ళు కూడా పంపరు. అన్నీ సరిచూసుకున్నాకే పంపుతానంటున్నారట. ఒకప్పుడు నేను అడిగింది అదే కదా అని ఎవరో అన్నారు. ఎవరో ఏమిటి, మా ఆయనే.

ఆగస్టు 16, శుక్రవారం

ఎముకల వార్డుకి వెళ్ళాను. సిస్టర్ నన్ను చూడగానే చీపురు వెతుక్కుంటున్నట్టు మొహం తిప్పుకుంది. ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే చూస్తున్నారు. ఎదురుగా నిలబడి, "ఇక ఎలా ఉన్నా తీసుకుంటానండీ. వెనక్కి పంపితే నన్ను అడగండి" అన్నాను.

ఆయన ఎక్స్‌రే దించి, "మొన్నటిదాకా ఒక్క సంతకం లేదని మొత్తం మొహాన కొట్టారు కదమ్మా. రేపు మళ్ళీ కొట్టరని ఏమిటి నమ్మకం?" అన్నారు.

నమ్మకం ఏమీ లేదండీ, ఒక్క ఫైలు పంపి చూడండి అన్నాను. ఆయన నవ్వలేదు. వీళ్ళని నేను అంత కష్టపెట్టానా అనిపించింది. అయినా రూలు ఎప్పటినుంచో ఉన్నదే.

ఆగస్టు 19, సోమవారం

ఎముకల వార్డు నుంచి ఒక్క ఫైలు వచ్చింది. పరీక్ష పెట్టడానికే పంపారు, అందులో సమ్మరీ లేదు, సంతకం లేదు, ఆఖరి రెండు పేజీలూ తెల్లగా ఉన్నాయి. నీలం దారం కట్టి, అందినట్టు చీటీ రాసి, కింద ధన్యవాదాలు అని కూడా రాసి పంపాను. ధన్యవాదాలు రాసేటప్పుడు రెండు బిళ్ళలు పట్టాయి.

ఆగస్టు 20, మంగళవారం

ఎముకల వార్డు నుంచి బండి వచ్చింది. బుట్ట కాదు, చక్రాల బండి! బాబాయ్ దాన్ని తోసుకొస్తుంటే పెళ్ళివారిని ఎదుర్కొన్నట్టు గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను.

ఆగస్టు 30, శుక్రవారం

ఇంకా చీర కూడా మార్చుకోలేదు. అయినా ఇప్పుడే రాసెయ్యాలి.

తనిఖీకి ఇద్దరు వచ్చారు. కళ్ళజోడు ఆయన, జరీ అంచు చీర ఆవిడ. సూపరింటెండెంటు గారు పక్కనే నిలబడ్డారు. నిన్న ఇంటికి వెళ్ళిన రోగుల జాబితా చూసి వాళ్ళు అడగడం, బాబాయ్ తీసి ఇవ్వడం. అడిగినవన్నీ ఉన్నాయి. నాకు గాల్లో తేలుతున్నట్టుంది. అప్పుడు కళ్ళజోడు ఆయన రంగు దారాల ర్యాకు చూశారు. ఒక ఫైలు లాగి, తిప్పి చూసి, "ఇందులో సమ్మరీ లేదు. డాక్టరు సంతకం లేదు. ఇలాంటిది లోపలికి ఎలా తీసుకున్నారు?" అన్నారు. సూపరింటెండెంటు గారి మొహం పాలిపోయింది. స్టోర్సు కళ్ళముందు కనిపించింది.

నేను జవాబు వెతుక్కుంటుండగా ఫోన్ మోగింది. క్యాజువాలిటీ. నిన్న ఎముకల వార్డు నుంచి వెళ్ళిన మనిషి, లారీ డ్రైవరు, కాలు ఆపరేషనైనవాడు, ఇంట్లో చలిజ్వరంతో పడిపోయాడు. స్పృహ లేదు. ఒళ్ళంతా ఇన్‌ఫెక్షన్ పాకినట్టుంది, వెంటనే ఇంజెక్షన్ పడాలి. భార్య మాత్రం, ఏదో ఇంజెక్షన్ పడలేదని వార్డులో అనుకున్నారండీ, పేరు తెలీదు అంటూ ఏడుస్తోందట. చేతిలో ఉన్న చీటీలో ఆ సంగతి లేదు. సమ్మరీలో ఉండాలి. సమ్మరీ ఇంకా రాయలేదు.

నంబరు వినగానే తిరిగి చూశాను. ఆ ఫైలు కళ్ళజోడు ఆయన చేతిలోనే ఉంది.

లాక్కున్నాను. ఇవ్వండి అని అడగలేదు, లాక్కున్నాను. పేజీలు తిప్పితే నర్సు రాసిన కాగితంలో ఉంది. ఆపరేషనైన మర్నాడు ఫలానా ఇంజెక్షన్ ఇవ్వగానే మొహం వాచి, ఊపిరి ఆడలేదు, ఆపేశాం అని. ఆ మందు పేరు ఫోన్లో చదివాను. అవతల డ్యూటీ డాక్టరు మందు పేరు మళ్ళీ చదవమన్నాడు. తర్వాత, "అదే సిరంజిలోకి ఎక్కించాం మేడమ్. పారేస్తున్నాం" అన్నాడు. వేరే మందు ఇవ్వమని ఎవరికో చెబుతున్నాడు. ఫోన్ పెట్టెయ్యడం కూడా మరిచిపోయాడు.

బాబాయ్ మోకాళ్ళ నొప్పి మాట మరిచిపోయి ఫైలు పట్టుకుని పరిగెత్తాడు.

అప్పుడు నాకు జవాబు దొరికింది. కళ్ళజోడు ఆయన వైపు తిరిగి, "సంతకం అయ్యేదాకా ఆగి ఉంటే ఇది ఇప్పుడు ఇక్కడ ఉండేది కాదండీ. పైన ఏ పరుపు కిందో ఉండేది" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. జరీ అంచు ఆవిడ మాత్రం ఆ దారాల సంగతి మొదటినుంచీ చెప్పండమ్మా అని బల్ల దగ్గర కూర్చుంది. మెత్తటి కుర్చీలోనే.

ఆ తర్వాత ఎముకల డాక్టరు గారు వచ్చారు. థియేటరు నుంచి తిన్నగా క్యాజువాలిటీకి వెళ్ళి, అక్కడినుంచి మా గదికి. నెత్తిమీద టోపీ కూడా తియ్యలేదు. మనిషి నిలదొక్కుకున్నాడు, బతుకుతాడు అని చెప్పి, అందరి ముందూ చేతులు జోడించారు. టీ పోసిచ్చాను. ఆయన నిలబడే తాగి, తన ఫైళ్ళన్నీ ముందేసుకుని రాయడం మొదలుపెట్టారు.

గెలిచాం. రాస్తుంటే నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది.

సెప్టెంబరు 2, సోమవారం

తనిఖీవాళ్ళ ఉత్తర్వు వచ్చింది. రికార్డు రూము ఎక్కడికీ పోదు. నేనూ పోను. ఈ పద్ధతే అన్ని ఆసుపత్రుల్లోనూ పెట్టమని రాస్తారట. సూపరింటెండెంటు గారు ఆ కాగితం స్వయంగా తెచ్చిచ్చారు, కుర్చీ మాత్రం తిరిగి అడగలేదు.

అమ్మాయి ఇంటికి రాగానే దువ్వెన తెచ్చి నా ముందు కూర్చుంది. జడ చాలా బిగించి వేశానని గోల పెట్టింది. వదులు చెయ్యలేదు.

సెప్టెంబరు 11, బుధవారం

లారీ డ్రైవరు ఈ రోజు ఇంటికి వెళ్ళాడు. అతను మెట్లు దిగకముందే ఫైలు కిందికి వచ్చేసింది. పోతూ పోతూ భార్య భుజం పట్టుకుని, కర్ర ఆనించుకుంటూ మా కౌంటరు దగ్గర ఆగాడు. తన ఫైలు ఒకసారి చూస్తానన్నాడు. తీసి బల్ల మీద పెట్టాను. విప్పలేదు, అట్ట మీద అరచెయ్యి ఆనించాడు. నాకు నోట మాట లేనప్పుడు ఇదే చెప్పిందటగా అమ్మా అన్నాడు. అతని భార్య కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

తర్వాత ఆవిడ నన్ను అడిగింది. "మళ్ళీ చూపించుకోడానికి రమ్మన్నారండీ. అప్పటికి ఇది దొరుకుతుందా?"

ఇన్నేళ్ళుగా ఈ ప్రశ్న ఎంతమంది అడిగారో. వార్డులో కనుక్కోండి అనేదాన్ని. డాక్టరు గారిని అడగండి అనేదాన్ని. రేపు రండి అనేదాన్ని.

"మీరు ఎప్పుడొచ్చినా సరే, ఇది మీకంటే ముందే ఇక్కడ ఉంటుంది" అన్నాను.